ఒకే ఆట, ఐదు రూపాలు: ఫైనల్ ఫాంటసీ 6లో ఏది చేరింది, ఏది పోయింది

నమస్కారం. పాత జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్‌ల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఫైనల్ ఫాంటసీ 6 ఆడాలని ఉంది, ఏ వెర్షన్ కొనమంటారు?" ఈ రోజు ఆ ప్రశ్ననే తీసుకుంటున్నాను. 1994 నుంచి ఇప్పటివరకు ఈ గేమ్ ఐదు ముఖ్యమైన రూపాల్లో వచ్చింది. ప్రతి రూపంలోనూ కొంత బాగుపడింది, కొంత పోయింది. బాగుపడినదాన్ని అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో చెప్పుకుంటారు. పోయినదాన్ని ఆడేవాళ్లే వెతికి పట్టుకోవాలి. నాకు ఎంతో ఇష్టమైన గేమ్ కాబట్టి ఆ రెండో లెక్క కూడా మీ ముందు పెడతాను.

ముందు తెర మీద కనిపిస్తున్నది చూడండి. ఇది మొదటి రూపం. 1994 ఏప్రిల్‌లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ కన్సోల్ కోసం విడుదలైంది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాకు వెళ్లింది, కానీ అక్కడ దాని పేరు ఫైనల్ ఫాంటసీ 3. అంతకుముందు భాగాల్లో మూడు అమెరికాలో విడుదల కాలేదు కాబట్టి అంకె మార్చేశారు. యూరప్‌కైతే ఆ కార్ట్రిడ్జ్, అంటే గేమ్ ఉన్న ప్లాస్టిక్ పెట్టె, వెళ్లనే లేదు. మొత్తం గేమ్ పరిమాణం 3 మెగాబైట్లు. ఇప్పుడు మీ ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంత. అందులోనే మీరు ఆడగలిగే 14 పాత్రలు, కథ మధ్యలో కుప్పకూలిపోయే ఒక ప్రపంచం, నోబువో ఉయెమత్సు సంగీతం, నాటకశాలలో జరిగే ఒక ఒపేరా, అన్నీ ఇమిడిపోయాయి. ఈ రోజుకీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే ఆ కార్ట్రిడ్జ్‌లో తప్పులు కూడా ఉన్నాయి. వాటిని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తర్వాతి వెర్షన్లకూ దీనికీ ఉన్న అసలు తేడా చాలావరకు ఇక్కడే ఉంది. ప్రతి పాత్రకూ ఎవేడ్ అనే విలువ ఒకటి ఉంటుంది. శత్రువు కత్తి ఎత్తినప్పుడు తప్పించుకునే అవకాశం దాన్నిబట్టి ఉండాలి. మంత్రాల నుంచి తప్పించుకోవడానికి వేరే విలువ ఉంటుంది. కానీ కార్ట్రిడ్జ్‌లోని ప్రోగ్రామ్ ఆ మొదటి విలువను చూడనే చూడదు. కత్తి దెబ్బ అయినా, మంత్రం అయినా లెక్క వేసేది రెండో విలువతోనే. అంటే ఎవేడ్ పెంచుతుందని చెప్పి డబ్బు పోసి కొన్న డాలు ఆ విషయంలో మీకు ఏమీ చేయదు. అదే మంత్రాల విలువను పెంచుకుంటూ పోతే దాదాపు ఏ దెబ్బా తగలని పాత్ర తయారవుతుంది. శత్రువులు మీ పాత్రలకు కళ్లు కనబడకుండా చేస్తారు కదా, ఆ స్థితి వల్ల మీ గురి కాస్తయినా తప్పదు. దాన్ని నయం చేసే చుక్కల మందు కొనడం వృథా.

ఇంకొకటి దీనికంటే ప్రసిద్ధమైనది. వానిష్ మంత్రంతో ఎవరినైనా మాయం చేస్తే, ఆ తర్వాత వాళ్ల మీద వేసే మంత్రం ఏదైనా తప్పకుండా తగులుతుంది. చావు మంత్రం పనిచేయకూడని బాస్‌కు, అంటే కథలో అడ్డొచ్చే పెద్ద శత్రువుకు కూడా ఈ నియమమే వర్తించేసింది. ముందు వానిష్, వెంటనే డూమ్ అనే ఆ చావు మంత్రం. గంటసేపు సిద్ధమై వెళ్లిన బాస్ రెండు మంత్రాలతో నేల కూలుతుంది. ఇక చిత్రకారిణి అయిన రెల్మ్ అనే చిన్నారి పాత్ర ఉంది. శత్రువు బొమ్మ గీసే ఆమె స్కెచ్ విఫలమైనప్పుడు కొన్నిసార్లు గేమ్ ఆగిపోతుంది, సంచి నిండా సంబంధం లేని వస్తువులు పుట్టుకొస్తాయి, సేవ్ చేసిన ఫైళ్లు పాడైపోతాయి. అమెరికాలో తర్వాత ముద్రించిన కార్ట్రిడ్జ్‌లలో ఈ ఒక్కదాన్ని సరిదిద్దారు.

అమెరికా వెర్షన్‌లో ఇంకో రకం మార్పులు ఉన్నాయి. నింటెండో అమెరికా శాఖ నియమాల ప్రకారం మద్యం దుకాణాలు కాఫీ దుకాణాలయ్యాయి, ఒంటి మీద బట్టలు తక్కువగా ఉన్న శత్రువుల బొమ్మలకు అదనంగా బట్టలు గీశారు. టెడ్ వూల్సీ అనువాదం దాదాపు 30 రోజుల్లో ముగించాల్సి వచ్చింది. అంత తక్కువ సమయంలో, అంత తక్కువ చోటులో ఆయన కెఫ్కా అనే విలన్‌కు ఇచ్చిన గొంతు ఇప్పటికీ చాలామందికి అసలు గొంతులాగే అనిపిస్తుంది. దాన్ని నేను గౌరవిస్తాను.

రెండో రూపం ప్లేస్టేషన్ సీడీ, 1999. దీని గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో, చివర్లో కంప్యూటర్ యానిమేషన్ వీడియోలు చేర్చారు, శత్రువుల పట్టిక ఇచ్చారు. బదులుగా యుద్ధం మొదలయ్యే ముందు, మెనూ తెరిచే ముందు సీడీ తిరిగేదాకా ఎదురుచూడాలి. పది నిమిషాల్లో ఎన్నిసార్లు మెనూ తెరుస్తామో ఒకసారి ఆలోచించండి. యూరప్‌లో ఈ గేమ్ మొదటిసారి అధికారికంగా కాలు పెట్టింది ఈ రూపంలోనే, 2002లో.

మూడోది నా మనసుకు దగ్గరైనది. గేమ్ బాయ్ అడ్వాన్స్ వెర్షన్, 2006 నవంబరులో జపాన్‌లో, 2007 ఫిబ్రవరిలో అమెరికాలో వచ్చింది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను, గమనించండి. ఎడమవైపు సూపర్ ఫామికామ్, 256 పిక్సెళ్ల వెడల్పు, 224 ఎత్తు. కుడివైపు గేమ్ బాయ్ అడ్వాన్స్, 240 వెడల్పు, 160 ఎత్తు. చుట్టూ కొంత ప్రపంచం కత్తిరించుకుపోయింది. రంగులు వెలిసినట్టు కనిపిస్తున్నాయి కదా? ఆ యంత్రం తొలి నమూనాల తెర వెనుక దీపం ఉండేది కాదు, అందుకే చాలా గేమ్‌లలో రంగులు కావాలనే లేతగా చేసేవాళ్లు. సంగీతం కూడా దెబ్బతింది. సూపర్ ఫామికామ్‌లో శబ్దానికి ప్రత్యేకమైన చిప్ ఉంది, దానికి సొంతంగా 64 కిలోబైట్ల మెమరీ, ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికించే శక్తి. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో అలాంటి చిప్ లేదు. గేమ్‌ను నడిపించే ప్రాసెసరే శబ్దాలను కూడా కలపాలి. ఫలితంగా తీగ వాద్యాలు గరగరలాడతాయి.

ఇన్ని పోయినా ఈ వెర్షన్ మీద నాకెందుకు ఇంత ప్రేమ? ఎవేడ్ తప్పు సరిదిద్దారు, వానిష్ కిటుకు మూసేశారు, అనువాదం కొత్తగా చేశారు. అంతకంటే ముఖ్యంగా డ్రాగన్స్ డెన్ అనే కొత్త గుహ ఇచ్చారు. మీ బృందాన్ని మూడు గుంపులుగా విడదీసి, ఒకరి కోసం ఒకరు దారులు తెరుస్తూ నడిచే చోటు అది. దాని చివర కైజర్ డ్రాగన్ ఉంటుంది. ఈ డ్రాగన్ కొత్తగా పుట్టింది కాదు. 1994 కార్ట్రిడ్జ్ లోపలే దానికి రాసిన సంభాషణ, సగంలో ఆగిన డేటా ఉన్నాయి. గేమ్‌లో మాత్రం ఎక్కడా ఎదురుపడదు. ఎనిమిది డ్రాగన్లను చంపి ముద్ర విప్పితే ఏదో రావాలి కదా అని ఆడినవాళ్లు ఏళ్ల తరబడి అనుకున్న చోట, 12 ఏళ్ల తర్వాత ఆ డ్రాగన్ నిజంగానే వచ్చి నిలబడింది. లెవియాథన్, గిల్గమెష్, కాక్టువార్, డయాబ్లోస్ అనే నాలుగు కొత్త ఎస్పర్లు, అంటే మన పాత్రలకు మంత్రాలు నేర్పే మాయా జీవులు, కూడా చేరాయి.

నాలుగో రూపం 2014లో ఫోన్లకు, 2015 డిసెంబరులో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌కు వచ్చింది. డ్రాగన్స్ డెన్ ఇందులోనూ ఉంది. చూడటానికి మాత్రం చాలా బాధగా ఉంటుంది. పాత్రల బొమ్మలను నున్నగా మళ్లీ గీశారు, నేపథ్యాలు మరో తీరులో ఉన్నాయి, రెండూ ఒకే ప్రపంచానికి చెందినట్టు కనిపించవు. వేలితో నొక్కడానికి పెట్టిన పెద్ద పెద్ద బటన్లను కంప్యూటర్ తెర మీద కూడా అలాగే వదిలేశారు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం చెబుతాను. 2021 జులైలో ఈ గేమ్ సొంతదారు సంస్థ స్క్వేర్ ఎనిక్స్ ఈ వెర్షన్‌ను స్టీమ్ అమ్మకాల నుంచి తీసేసింది, పిక్సెల్ రీమాస్టర్ అనే ఐదో రూపం రాబోతోందని. ఆరో భాగం పిక్సెల్ రీమాస్టర్ వచ్చింది 2022 ఫిబ్రవరి 23న. మధ్యలో ఏడు నెలల పాటు ఫైనల్ ఫాంటసీ 6ను స్టీమ్‌లో కొత్తగా కొనే దారే లేదు. వచ్చిన కొత్త వెర్షన్‌లో డ్రాగన్స్ డెన్ లేదు. కైజర్ డ్రాగన్ లేదు. ఆ నాలుగు ఎస్పర్లు లేవు. 1994 గేమ్‌కు నమ్మకంగా ఉండాలన్నది ఆ రీమాస్టర్ నియమం. ఆ నియమాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ గుహ ఉన్న వెర్షన్‌ను అంగట్లోంచి తీసేయాల్సిన అవసరం ఏ నియమం ప్రకారం వచ్చింది? రెండూ పక్కపక్కన ఉంటే ఎవరికి నష్టం?

పిక్సెల్ రీమాస్టర్ స్వతహాగా మంచి పని. పాత రోజుల్లో ఈ సిరీస్‌కు పిక్సెల్ బొమ్మలు వేసిన కజుకో షిబుయా చేతే పాత్రలను మళ్లీ వేయించారు. ఉయెమత్సు పర్యవేక్షణలో సంగీతం మళ్లీ కూర్చారు. ఒపేరా దృశ్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పాత కార్ట్రిడ్జ్‌లో గాయకుల గొంతులకు చోటు లేదు, అందుకని గొంతును పోలిన కృత్రిమ స్వరం ఒకటి పలికేది, మాటలు తెర కింద అక్షరాలుగా వచ్చేవి. ఒపేరా నాయిక మారియా స్థానంలో రంగం మీదికి వచ్చిన మన పాత్ర సెలెస్ ఏ పంక్తి తర్వాత ఏ పంక్తి పాడాలో గుర్తు పెట్టుకుని మనమే ఎంచుకోవాలి. ఆ స్వరం మాటలు పలకలేకపోవడం వల్లే మనం మనసులో పాడుకునేవాళ్లం. కొత్త వెర్షన్‌లో నిజమైన గాయకులు ఏడు భాషల్లో పాడారు, కెమెరా రంగస్థలం చుట్టూ తిరుగుతుంది. ఇటాలియన్‌లో పెట్టుకుని వినండి, ఆ దృశ్యానికి అదే బాగా నప్పింది. ఆ ఏడింటిలో ఏ భారతీయ భాషా లేదు, గేమ్ మొత్తంలోనూ లేదు.

మొదట్లో దీని ఇంగ్లీషు అక్షరాలు సన్నగా, ఇరుకుగా ఉండేవి, చాలామంది మొత్తుకున్నారు. 2023 ఏప్రిల్‌లో స్విచ్, ప్లేస్టేషన్ 4 కన్సోళ్లకు వచ్చేసరికి పిక్సెల్ అక్షరాలు, పాత సంగీతానికి మారే సౌకర్యం, దారిలో యుద్ధాలు రాకుండా ఆపుకునే మీట చేర్చారు. ఎవేడ్ కూడా పనిచేస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. మొదటిసారి ఆడేవాళ్లు పిక్సెల్ రీమాస్టర్ కొనండి, సంగీతాన్ని ఒకసారి పాతదానికి మార్చి కూడా వినండి. గేమ్ పూర్తయ్యాక ఇంకా కావాలనిపిస్తే గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ కోసం వెతకండి. ఆ గుహ కోసం ఆ శ్రమ పడవచ్చు.

ఇలాంటిదే ఇంకొకటి, క్రోనో ట్రిగ్గర్. 1995 నాటి గేమ్. 2018 ఫిబ్రవరి 27న ముందు ఏ ప్రకటనా లేకుండా స్టీమ్‌లో ప్రత్యక్షమైంది. తెరిచి చూసినవాళ్లు నిరాశపడ్డారు, ఎందుకంటే అది ఫోన్ల వెర్షన్ నుంచి తెచ్చినది. బొమ్మ ఎందుకు అంత పాడైందో చెబుతాను. పాత గేమ్‌లలో నేల, గోడ, చెట్టు అన్నీ చిన్న చిన్న చదరపు పలకలుగా గీసి పక్కపక్కన పేరుస్తారు. ప్రతి పిక్సెల్ ఎక్కడ ఉండాలో చేతితో నిర్ణయించినది. దాని మీద నున్నగా చేసే ఫిల్టర్ వేస్తే పక్క పిక్సెళ్ల రంగులు కలిసిపోతాయి. పలక అంచు దగ్గరికి వచ్చేసరికి దానికి సంబంధం లేని రంగు కూడా లోపలికి పాకుతుంది, నేల మీద సన్నని గీతలు కనిపిస్తాయి. అకిరా తోరియామా రూపొందించిన పాత్రలు గీతల నేల మీద నడవడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

అయితే ఇక్కడ స్క్వేర్ ఎనిక్స్ మాట విన్నది. ఆ ఏప్రిల్‌లోనే పాత బొమ్మలకు మారే సౌకర్యం ఇచ్చింది, ఆగస్టు వరకు వరుసగా సవరణలు చేసింది, కీబోర్డుకూ కంట్రోలర్‌కూ తగిన మెనూలు తెచ్చింది. 2008 నింటెండో డీఎస్ వెర్షన్‌లో చేరిన అదనపు ప్రదేశాలూ, అదనపు ముగింపూ ఇందులో ఉన్నాయి. ఇప్పుడు కొనదగిన వెర్షనే. కొనగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాత గ్రాఫిక్స్ ఎంచుకోండి, ఆ తర్వాతే ఆట మొదలుపెట్టండి.

చివరగా 2025 సెప్టెంబరు 30న వచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్: ది ఐవలీస్ క్రానికల్స్. 1997 నాటి అసలు గేమ్ సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల ప్రతి, కంపెనీ దగ్గర మిగల్లేదని, అమ్ముడైన గేమ్‌లనే ఆధారంగా చేసుకుని తిరిగి నిర్మించామని దీని దర్శకుడు కజుతోయో మాయెహిరో చెప్పారు. ఇంత పెద్ద సంస్థ, ఇంత పేరున్న గేమ్, అయినా కోడ్ దాచుకోలేదు. దాని తర్వాత వాళ్లు చేసిన పని మాత్రం నాకు బాగా నచ్చింది. ఒకే కొనుగోలులో రెండు ఆటలు ఇచ్చారు. ఒకటి పాత్రలన్నిటికీ గొంతులు, అసలు గేమ్ రచయిత యసుమి మత్సునో సవరించి పెంచిన సంభాషణలు ఉన్న కొత్త రూపం. రెండోది 1997 రూపానికి దగ్గరగా ఉంచిన పాతది, 2007 నాటి మెరుగైన అనువాదంతో. ఏది కావాలో ఆడేవాళ్లే ఎంచుకోవచ్చు. ఫైనల్ ఫాంటసీ 6 విషయంలో ఇదే జరిగి ఉంటే ఈ వీడియోలో సగం అవసరమయ్యేది కాదు.

అయినా ఇక్కడ కూడా ఒక లోటు మిగిలింది. 2007లో పీఎస్‌పీ అనే చేతి కన్సోల్‌కు వచ్చిన టాక్టిక్స్ ది వార్ ఆఫ్ ది లయన్స్ వెర్షన్‌లో డార్క్ నైట్ అనే యోధ వర్గం, బాల్తియర్, లుసో అనే అతిథి పాత్రలు ఉండేవి. పీఎస్‌పీలో ప్రతి మంత్రం దగ్గరా ఆట నెమ్మదించి విసిగించేది, 2011లో ఐఫోనుకు వచ్చినప్పుడు ఆ ఇబ్బంది తొలగింది. 2025 వెర్షన్‌లో, కొత్త రూపంలోనూ పాత రూపంలోనూ, ఆ వర్గం లేదు, ఆ ఇద్దరూ లేరు. డార్క్ నైట్‌గా ఆడాలనుకునేవాళ్లు వెతకవలసింది ది వార్ ఆఫ్ ది లయన్స్ కోసమే.