మేనేజ్‌మెంట్ సైడ్ లేబర్ లాయర్ అసలు ఏం చేస్తాడు?

నమస్తే అండీ. మొన్న ఒక లా స్టూడెంట్ కలిసి, "అన్నా, లేబర్ లా అంటే నాకు ఇష్టమే, కానీ మేనేజ్‌మెంట్ సైడ్ చేస్తే వర్కర్ల పొట్ట కొట్టినట్టే కదా" అన్నాడు. రెండ్రోజులు ఆ మాటే బుర్రలో తిరిగింది, అందుకే ఈ వీడియో.

చూడండి, ఈ పనిలో కోర్టులో వాదించేది తక్కువ, లెటర్ మీద సంతకం పడకముందే "ఆగండి" అని చెప్పేదే ఎక్కువ. ఒక శుక్రవారం సాయంత్రం ఒక కంపెనీ హెచ్‌ఆర్ ఫోన్ చేశారు, "సార్, పని తగ్గింది, ఒక మెషిన్ ఆపరేటర్‌ని తీసేస్తున్నాం, లెటర్ వాట్సాప్ చేశా, మీరు ఓకే అంటే ఇప్పుడే ఇచ్చేస్తాం" అని. ఓపెన్ చేస్తే నాలుగే లైన్లు, చివర్లో "మీ డబ్బులు వచ్చే నెల సెటిల్ చేస్తాం" అని ఉంది. కేసు ఓడిపోడానికి ఆ ఒక్క లైన్ చాలండీ! ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వర్కర్‌ని అతని తప్పేం లేకుండా తీసేయాలంటే నెల ముందు నోటీసు, లేదంటే నెల జీతం ఇవ్వాలి, దాంతోపాటు చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలి, అదీ తీసేసేటప్పుడే ఇవ్వాలి, తర్వాత ఇస్తామంటే కుదరదు. ఆ ఆపరేటర్ జీతం 30 వేలు, సర్వీసు 8 ఏళ్లు, అంటే లక్షా 20 వేలు, నోటీసు జీతం ఇంకో 30 వేలు. ఈ లక్షన్నర ఆ రోజు ఇవ్వకపోతే ఏళ్ల తర్వాత ఆ తీసివేతే చెల్లదని తీర్పొస్తుంది, ఉద్యోగంలోకి మళ్లీ తీసుకోవాల్సి రావచ్చు, బ్యాక్ వేజెస్, అంటే పనిలో లేని కాలానికి జీతం, కట్టాల్సి రావచ్చు. తప్పుగా తీసేశారని తేలితే మామూలుగా బ్యాక్ వేజెస్ ఇవ్వాల్సిందే అని 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. లెటర్ ఆపించాను, సోమవారం చెక్కుతో కలిపి ఇచ్చారు. ఆయన డబ్బు ఆయనకి వచ్చింది, కంపెనీకి కేసు తప్పింది, ఇందులో ఎవరి పొట్ట కొట్టాం తమ్ముడూ?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఈ నోటీసు, పరిహారం రూల్‌ని 25ఎఫ్ సెక్షన్ అనేవాళ్లం. 2025 నవంబర్ 21న 29 చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, ఇక ఈ గొడవ లేనట్టేగా అని క్లయింట్లు అడుగుతున్నారు. లేదండీ, ఈ రూల్ కొత్త కోడ్‌లోనూ ఉంది. ఫ్యాక్టరీల్లో తీసేయడానికి సర్కారు పర్మిషన్ తీసుకోవాల్సిన లిమిట్ మాత్రం 100 మంది నుంచి 300కి పెరిగింది.

ఇంకో సంగతి చాలామంది లాయర్లకే తెలీదు, పాత చట్టం 36వ సెక్షన్ ప్రకారం లేబర్ కోర్టులో అవతలి పార్టీ ఒప్పుకుని, కోర్టు కూడా సరే అంటేనే లాయర్ నిలబడేవాడు, సర్కారు అధికారి ముందు జరిగే రాజీ చర్చల్లో అయితే అసలు ఎంట్రీనే ఉండేది కాదు. డబ్బున్న మేనేజ్‌మెంట్ పెద్ద లాయర్‌ని దింపితే వర్కర్ ఏమైపోవాలి అని పెట్టిన రూల్ అది, నాకైతే చాలా న్యాయంగా అనిపిస్తుంది.

మేనేజ్‌మెంట్ ఎక్కడ తప్పు చేస్తుందో వర్కర్ వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది, అందుకే ఆ స్టూడెంట్‌కి చెప్పాను, ముందు రెండేళ్లు వర్కర్ల తరఫున చేసే సీనియర్ దగ్గర పనిచెయ్యి, ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తుంటే వెనక కూర్చుని విను అని. వర్కర్ తప్పు చేశాడని కంపెనీలోనే ఎంక్వైరీ పెట్టి తీసేసిన కేసుల్లో కంపెనీ సాక్షి బోనెక్కగానే, తెలుగు తప్ప ఇంకోటి చదవలేని మనిషికి ఆ చార్జిషీట్, అంటే కంపెనీ ఇచ్చిన ఆరోపణల కాగితం, ఏ భాషలో ఇచ్చారండీ అని ఆ సీనియర్ అడుగుతారు. ఇంగ్లీషులో అని జవాబొస్తే ఆ ఎంక్వైరీ ఫైలంతా అక్కడే ఊగడం మొదలవుతుంది.