పాయింట్ ఫార్టీ ఫోర్‌కి ఏ గుండు వెయ్యాలి?

హోస్ట్: నమస్కారం అండీ. ఈసారి మనతో ఉన్న అన్న టెక్సస్‌లోనే ఉంటారు, పాతకాలపు బ్లాక్ పౌడర్ రివాల్వర్లంటే ప్రాణం. అన్నా, నేరుగా అడిగేస్తా. ఇటలీలో పియెట్టా వాళ్ళు చేసే 1858 రెమింగ్టన్ నకలు ఒకటి కొందామనుకుంటున్నా. అది .44 అంటున్నారు, అంటే అంగుళాల్లో సైజు. షాపులో చూస్తే గుండ్లు 0.451, 0.454 అని ఉన్నాయి. 0.44 గుండు ఎక్కడా లేదేంటి?

గెస్ట్: ఆ .44 వట్టి పేరు తమ్ముడూ. కోల్ట్ 1851 నేవీ ఉంది కదా, దాన్ని .36 అంటారు. వేసేది మాత్రం 0.375 గుండు, లేకపోతే 0.380. రూగర్ ఓల్డ్ ఆర్మీ 1972లో వచ్చింది, దాన్నీ .44 అనేవాళ్ళున్నారు, దానికి 0.457 కావాలి. పేరు చూసి గుండు కొంటే డబ్బులు దండగ.

హోస్ట్: మరి దేన్ని చూసి కొనాలి?

గెస్ట్: సిలిండర్‌లో చాంబర్‌ని, అంటే గుండు కూర్చునే రంధ్రాన్ని. వీటికి తూటా డొక్కు ఉండదు. ముందు నుంచి తుపాకీ మందు పోస్తాం, పైన గుండు పెడతాం, బ్యారెల్ కింద లీవర్ ఉంటుంది, దాంతో లోపలికి నొక్కుతాం. గుండు చాంబర్ కన్నా కాస్త పెద్దదై ఉండాలి. నొక్కుతుంటే చాంబర్ అంచు ఆ మెత్తటి సీసాన్ని చుట్టూ చెక్కేస్తుంది, సన్నటి రింగు ఊడి బయట పడుతుంది. ఆ రింగు తెగకుండా పూర్తిగా వచ్చిందంటే సైజు కుదిరినట్టే.

హోస్ట్: రింగు రాకపోతే?

గెస్ట్: గుండు వదులుగా ఉందన్నమాట. ఒక చాంబర్ పేలినప్పుడు ఆ కుదుపుకి మిగతా వాటిలో గుండ్లు ముందుకి జరుగుతాయి. జరిగి బయటికి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. అంతకన్నా భయం, నిప్పురవ్వ గుండు పక్కనుంచి దూరి పక్క చాంబర్లోని మందుని అంటించడం. చెయిన్ ఫైర్ అంటారు. వెనక వదులుగా ఉన్న క్యాప్, అదే సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న టోపీ, దాని దగ్గర్నుంచే అంటుకుంటుందని వాదించేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవ ఇప్పట్లో తేలేది కాదు. నేనైతే ముందు, వెనక రెండూ బిగుతుగానే పెట్టుకుంటా. గుండు మీద గ్రీజో, కింద నూనె పట్టించిన మెత్తటి బిళ్ళో (వాడ్ అంటారు) ఉండాల్సిందే.

హోస్ట్: సరే అన్నా, 0.451కీ 0.454కీ తేడా ఎంతని? అంగుళంలో వెయ్యో వంతులు మూడు. తల వెంట్రుక మందం కూడా ఉంటుందో లేదో!

గెస్ట్: అక్కడే అందరూ తికమకపడేది. పెద్ద గుండు వేస్తే బ్యారెల్లోకి కూడా పెద్దదే వెళ్తుందనుకుంటారు. వెళ్ళదు. ఏది వేసినా చాంబర్ దాన్ని తన సైజుకి దించేస్తుంది. చాంబర్ 0.446 ఉందనుకో, రెండు గుండ్లూ 0.446 అయ్యే బయటికొస్తాయి.

హోస్ట్: అలాంటప్పుడు పెద్దది దేనికి?

గెస్ట్: పట్టు కోసం. గోళం కదా, గోడకి ఆనేది సన్నటి గీతంతే. పెద్ద గుండు అయితే ఎక్కువ చెక్కుకుపోయి నడుము చుట్టూ వెడల్పాటి పట్టీ పడుతుంది. బ్యారెల్ లోపల గుండుని తిప్పడానికి మెలికగా చెక్కిన గాడులుంటాయి, అవి పట్టుకునేది ఆ పట్టీనే. గుండు కుదుపుకీ అంత తేలిగ్గా కదలదు. బరువులో తేడా చెప్పుకోదగ్గది కాదు, 0.451 సుమారు 138 గ్రెయిన్లు (గుండ్ల బరువు కొలిచే లెక్క), 0.454 సుమారు 141.

హోస్ట్: చాంబర్ కన్నా బ్యారెల్ గాడులే వెడల్పుగా ఉంటే?

గెస్ట్: చాలా నకళ్ళలో ఉన్న రోగమే అది. గ్యాస్ పక్కలనుంచి జారిపోతుంది, గురి చెదురుతుంది. ఎంత పెద్ద గుండు వేసినా అది నయం కాదు. తెలిసిన గన్‌స్మిత్ చేత చాంబర్లు కాస్త రీమ్ చేయించుకోవాలి, అంటే లోపల చెక్కించి వెడల్పు చేయించాలి. అందరికీ ఆ అవసరం రాదనుకో. సరదాగా పాతిక గజాల్లో కాల్చుకునేవాడికి ఎందుకది.

హోస్ట్: 0.454 నొక్కడం కష్టమంటారే?

గెస్ట్: కష్టమే, సీసం గట్టిదైతే ఇంకా నరకం. పాత టైర్ వెయిట్లు కరిగించి పోస్తారు కొందరు. అందులో సీసాన్ని గట్టిపరిచే యాంటిమొనీ ఉంటుంది, రింగు సరిగా రాదు, లీవర్ వంగుతుంది. స్వచ్ఛమైన సీసమే కావాలి. సొంతంగా పోసుకుంటే అచ్చులో మిగిలే తొడిమ ఉంటుంది చూడు, దాన్ని పైకి పెట్టి నొక్కు. పక్కకి వస్తే అంచు సరిగా ఆనదు. రెమింగ్టన్‌లో ఒక సుఖం ఉంది, సిలిండర్ ఇట్టే ఊడొస్తుంది. బయట బల్ల మీద ప్రెస్‌లో పెట్టి నింపుకుంటే లీవర్‌కి శ్రమే ఉండదు.

హోస్ట్: అయితే నన్నేం కొనమంటారు?

గెస్ట్: ముందు క్యాలిపర్‌తో ఆరు చాంబర్లూ కొలువు. ఒకటి కొలిచి ఊరుకోకు, ఆరూ ఒకేలా ఉంటాయని నమ్మకం లేదు. అన్నిట్లోకీ పెద్దది లెక్కలోకి తీసుకో. 0.446, 0.447 దగ్గరుంటే 0.451తో పని జరుగుతుంది. 0.450కి దగ్గరపడిందా, ఇక ఆలోచించకుండా 0.454. ఇటలీలోనే ఇంకో కంపెనీ ఉబెర్టీ, వాళ్ళ .44 అయితే మొదటినుంచీ 0.454యే.

హోస్ట్: షాపులో 0.451 ఒక్కటే ఉందనుకోండి?

గెస్ట్: ఒక డబ్బా తీసుకుని ఆరూ నొక్కి చూడు, మందు పొయ్యకుండా కాదు సుమా, ఉత్తి చాంబర్లోకి నొక్కిన గుండుని తియ్యలేక ఏడుస్తావు. రేంజ్‌కి వెళ్ళి, మామూలుగా నింపుతూ చూడు. ఆరు రింగులూ పూర్తిగా ఊడొస్తే ఆ డబ్బా నీదే.