నివాస వీధిలో వేగానికి కళ్లెం: ప్రయోగం ఎలా చేయాలి?

సమన్వయకర్త: నమస్కారం. నడిచేవాళ్ల కోసం, సైకిళ్ల కోసం వీధిలో వాహనాల వేగం తగ్గించే ప్రయోగం ఈరోజు మన అంశం. ఇంజనీరు గారూ, మొక్కల కుండీలు తెచ్చి రోడ్డుకు అడ్డంగా పెట్టేస్తే సరిపోతుందా?

ట్రాఫిక్ ఇంజనీరు: సరిపోదండీ. ముందు లెక్క తీయాలి. రోడ్డు మీద రబ్బరు ట్యూబు కౌంటర్లు పరిచి, కనీసం ఏడు రోజులు రాత్రీపగలూ ఎన్ని బళ్లు, ఎంత వేగంతో వెళ్తున్నాయో నమోదు చేయాలి. సెలవులు లేని వారం ఎంచుకోవాలి. సగటు వేగం చూసి ఊరుకుంటే మోసపోతాం. నూటికి 85 బళ్లు ఏ వేగం లోపు వెళ్తున్నాయో చూడండి. వీధిని భయపెట్టేది మిగతా పదిహేనే.

సైకిల్ మార్గాల రూపకర్త: అదే వారం పక్క వీధుల్లో కూడా లెక్కించాలి. చాలామంది వదిలేసేది ఇదే. తర్వాత ‘మీ రద్దీ మా మీదికి తోశారు’ అని ఎవరైనా అంటే, నిజమో కాదో చెప్పే ఆధారం ఉండదు.

సమన్వయకర్త: గంటకు 50 నుంచి 30 కిలోమీటర్లకు దిగితే అంత తేడా వస్తుందా?

ఇంజనీరు: వస్తుంది. పొడి రోడ్డు మీద, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకోండి. 30లో వచ్చే కారు సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50లో వచ్చేది ఆ 13 మీటర్ల దగ్గర ఇంకా బ్రేకే వేసి ఉండదు. అది ఆగేసరికి 28 మీటర్లు.

సమన్వయకర్త: మరి ఏం పెట్టాలి? స్పీడ్ బ్రేకర్లా?

ఇంజనీరు: పెట్టొచ్చు, కానీ బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల లోపు ఎత్తుతో వాలుగా ఉండాలి. పొట్టిగా నిటారుగా ఉన్నవి సైకిలిస్టులను పడేస్తాయి. రెండు బ్రేకర్ల మధ్య దూరం 100 మీటర్లు దాటితే ఆ ఖాళీలో మళ్లీ వేగం పెంచేస్తారు. అంచున కాలువ దగ్గర కాస్త సందు వదలకపోతే వాన నీళ్లు నిలిచిపోతాయి.

రూపకర్త: వీధిని అడ్డదారిగా వాడుకునే బళ్లే ఎక్కువైతే స్పీడ్ బ్రేకర్లతో పని జరగదండీ. అక్కడ వీధి మధ్యలో కుండీలతో కార్లకు దారి మూసి, 1.5 మీటర్ల సందు వదలాలి. చక్రాల కుర్చీ, సామాను సైకిల్ దూరాలి కదా. ఆ సందులోంచి మోటార్ సైకిళ్లూ దూరుతాయి, అది తప్పదు. అందుకే సందుకు ముందు రోడ్డును కొంచెం ఎత్తు చేస్తే అవి నెమ్మదిస్తాయి. ఇరుకు చేసి ఆపబోతే చక్రాల కుర్చీయే ముందు ఆగిపోతుంది.

సమన్వయకర్త: అగ్నిమాపక వాహనం వస్తే?

రూపకర్త: 3.7 మీటర్ల దారి తెరుచుకునేలా మధ్యలో తాళం ఉన్న తీసే స్తంభాలు పెట్టాలి. తాళంచెవి అగ్నిమాపక కేంద్రానికి ముందే ఇచ్చి, వాళ్ల బండితోనే ఒకసారి నడిపి చూడాలి.

ఇంజనీరు: కుండీలను మట్టితో నిండుగా నింపాలి. ఖాళీవైతే కారు బంపరుతో నెట్టేస్తారు. రెండు వైపులా రిఫ్లెక్టర్లు తప్పనిసరి. మొక్కతో కలిపి ఎత్తు 60 సెంటీమీటర్లు దాటితే, రోడ్డు దాటబోయే చిన్నపిల్ల డ్రైవరుకు కనిపించదు.

సమన్వయకర్త: ఫలితం ఎప్పుడు చూడాలి?

ఇంజనీరు: మొదటి వారాల్లో గందరగోళం ఉంటుంది, ఆ అంకెలు నమ్మొద్దు. ఆరు వారాలయ్యాక అవే చోట్ల, అదే పద్ధతిలో లెక్కించండి.

రూపకర్త: పక్క వీధిలో రద్దీ పెరిగితే ప్రయోగం ఎత్తేయక్కర్లేదు. ముందు కుండీలను తర్వాతి కూడలికి జరిపి చూడండి. కుండీలను తారులో పాతకుండా ఊరికే పైన పెట్టమనేది అందుకే.