సున్నం కొట్టే ముందు మిద్దె ఎక్కండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ఇప్పుడే చదివారు, నేను మళ్లీ చదవను. ఇచ్చింది ఇరవై నిమిషాలు. అంశం, ఇల్లు అమ్మే ముందు ఏ పనులు చేయిస్తే గిట్టుబాటవుతుందని. కాగితం మీద ఆరు విషయాలు రాసుకొచ్చాను. ఆరూ అవుతాయో లేదో చూద్దాం.

ముందు ఒక లెక్క. మన తిరుపతిలో, కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో పాతికేళ్ల సొంతిల్లు బేరానికి పెడితే, వచ్చినవాళ్లు మొదట అడిగేది అంకణం, అదే మన నేల కొలత, ఎంతకిస్తారని. అంటే ధరలో పెద్ద వాటా నేలదే. కట్టడానికి ఏడాదికింత అని తరుగు తీసేస్తారు. బ్యాంకు పంపే ఇంజనీరూ అదే పని చేస్తాడు. అలాంటి ఇంటికి ఆరు లక్షలు పెట్టి మాడ్యులర్ కిచెన్ బిగిస్తే, ఆ ఆరు లక్షలూ ధరలోకి ఎక్కవు. కొన్నామె వచ్చి ఈ రంగు మాకొద్దంటుంది, తలుపులు పీకించేస్తుంది. ఫాల్స్ సీలింగ్ ఇంకా దండగ. పైన మిద్దె కారుతోందేమో, కనపడకుండా కప్పారేమో అని అనుమానం పుడుతుంది. వాస్తు పేరుతో గేటు జరపడం, మెట్లు కొట్టేయడం కూడా వద్దు. కొనేవాళ్ల సిద్ధాంతి వేరే ఉంటాడు, ఆయన లెక్క ఆయనది. ప్లానులో లేని గది పైన వేసి అమ్ముదామనుకునేవాళ్లూ ఉన్నారు. తుడా, అంటే మన పట్టణాభివృద్ధి సంస్థ, ఆమోదించిన ప్లానులో లేని గదిని చూపిస్తే లోను దగ్గర పేచీ వస్తుంది, మొత్తం బేరమే ఆగుతుంది.

మరి డబ్బు దేనికి పెట్టాలి? కొనేవాళ్లు వేలు పెట్టి చూపించి ధర కోసే లోపాలకు పెట్టాలి. వాటిలో మొదటిది చెమ్మ. ఇక్కడ కొంచెం కోపంగా మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఇల్లు అమ్మాలనుకోగానే పెయింటరును పిలుస్తారు. ఆయన చెమ్మ తగిలిన గోడను గీకి, రెండు పూతలు పుట్టీ పట్టించి, పైన ఎమల్షన్ వేసి తళతళలాడించి పోతాడు. ఆ తళతళ మొదటి వాన దాకా. ఈ హాలులోనే ఎడమ గోడ చూడండి, స్విచ్చు బోర్డు కింద. వెనక వరుసలో అమ్మగారూ, కొంచెం పక్కకు జరుగుతారా, అందరికీ కనపడుతుంది. రంగు కొత్తదే. నేలకు రెండడుగుల ఎత్తున పొక్కులు లేచాయి. వేలితో గీస్తే తెల్లటి పిండి రాలుతుంది. నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, తగిలించకండి. నిన్న సాయంత్రం నిర్వాహకులను అడిగి అక్కడ ఒక అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపు వేసి అంటించాను. చివర్లో ఊడదీద్దాం.

ఆ పిండి ఎక్కడిది? ఇటుకలో, ఇసుకలో, కట్టేటప్పుడు వాడిన బోరు నీళ్లలో లవణాలుంటాయి. నేలలోని తేమ గోడలోకి పైకి పాకుతుంది, లవణాలను కరిగించుకుని వస్తుంది. పైకొచ్చాక నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం గోడ పైపొరలో గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు పెరిగి పుట్టీని వెనక నుంచి తోసేస్తుంది. అందుకే ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. ఆయిల్ పెయింటు వేస్తే మరీ మోసం. ఆవిరికి దారి మూసుకుపోయి చెమ్మ ఇంకో అడుగు పైకెక్కుతుంది.

చేయాల్సిన పని ఇది. చెమ్మ గీత ఎంతవరకు ఉందో సుద్దతో గీసి, దానిపైన ఇంకో అడుగు వరకు ప్లాస్టరింగ్ మొత్తం ఇటుక కనపడేదాకా కొట్టేయాలి. ఇటుకల మధ్య వదులైన సిమెంటు మాలు అర అంగుళం లోతు గీకాలి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గోడను వారాల పాటు ఆరనివ్వాలి. బేల్దారి మేస్త్రీ రేపే పూసేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఆరాక సిమెంటు ఒక పాలు, కడిగిన ఇసుక నాలుగు పాళ్లు, డబ్బా మీద రాసిన కొలతలో వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపి పూయాలి. వారం రోజులు తడపాలి. రంగు మాత్రం 28 రోజులు ఆగి వేయాలి, పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. గోడ బయటి పక్క నీళ్లు నిలుస్తుంటే, పూలకుండీలు ఆనించి ఉంటే, అది సరిచేయకుండా ఇదంతా చేయించడం వృథా.

పుట్టీ వాటర్‌ప్రూఫ్ కాదు. మళ్లీ చెబుతున్నాను, పుట్టీ వాటర్‌ప్రూఫ్ కాదు.

రెండోది మిద్దె. మనకు వానలు దంచేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు. 2021 నవంబరు వరద ఎవరూ మరిచిపోలేదు. కొనడానికి వచ్చినవాళ్లు కూడా "అప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చాయా" అని అడుగుతారు. వచ్చుంటే వచ్చాయనే చెప్పండి, పక్కింటివాళ్లు ఎలాగూ చెబుతారు. మిద్దె పని ఎండాకాలంలో చేయించుకోవాలి. ముందు పరీక్ష. తూములకు గోనెగుడ్డ, బంకమన్ను కుక్కి అంగుళం నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దెకు ఇది సుమారు 2,360 లీటర్లు, అంటే రెండు టన్నుల పైచిలుకు బరువు. ఆర్‌సీసీ శ్లాబు తట్టుకుంటుంది. దూలాల మీద ఇటుక పరిచిన పాత మిద్దెలకు, చువ్వలు బయటపడి తుప్పు పట్టిన శ్లాబులకు ఈ పరీక్ష పెట్టకండి, ముందు ఇంజనీరుకు చూపించండి. కింద గదిలో తడి ఎక్కడ కనపడితే అక్కడ సుద్దతో గుండ్రం గీసి తేదీ రాయండి.

కారేది ఎక్కువగా శ్లాబు నడుమ కాదు, పిట్టగోడ శ్లాబును కలిసే మూలల దగ్గర, తూము గొట్టం చుట్టూ. ఆ మూలల్లో మాలుతో ఏటవాలుగా పట్టీ కట్టించాలి. బీటలను కటింగ్ మిషన్‌తో వీ ఆకారంలో పది మిల్లీమీటర్ల లోతు కోయించి పాలిమర్ మాలుతో నింపాలి. ఆ తర్వాతే వాటర్‌ప్రూఫ్ పూత. మొదటి కోటు పచ్చిగా ఉన్నప్పుడే ఫైబర్ వల పరిచి, ఆరాక రెండో కోటు అడ్డంగా వేయాలి. మధ్యాహ్నం ఎండలో వేయిస్తే కాలిన శ్లాబు మీద పూత అంటకముందే పైపొర కట్టేస్తుంది. తెల్లవారుజామున మొదలుపెట్టించండి. నీటి వాటం పది అడుగులకు అంగుళం పైచిలుకు లేకపోతే పూత ఎంత మంచిదైనా నీళ్లు నిలుస్తాయి.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలంటున్నారు. మిగతా నాలుగూ పరుగున చెప్పేస్తాను.

బాత్రూములో బోరు నీళ్ల తెల్లచారలు పోవాలని యాసిడ్ పోయకండి. టైల్స్ మధ్య సిమెంటును అది తినేస్తుంది, కింది గది పైకప్పుకు చెమ్మ దిగుతుంది. కుళాయిలకు నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే చాలు. టైల్స్ మొత్తం మార్చొద్దు. సందులు గీకించి ఎపాక్సీ, అంటే నీరు ఇంకని గట్టి జిగురు ముద్ద, నింపించండి.

కరెంటుకు సంబంధించి పాత ఫ్యూజు కట్టలు తీయించి, లోడు ఎక్కువైతే తమంతట తామే పడిపోయే ఎంసీబీ స్విచ్చులతో పాటు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా ఉండాలి. ఎర్తింగు లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు.

రంగు. గోడలు ఆరాక లేత రంగు ఒకటే ఇల్లంతా వేయించండి. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గదికి, పదడుగుల ఎత్తుకు గోడలు 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు పోగా 380. రెండు పూతలకు కలిపి లీటరుకు వంద చదరపు అడుగుల లెక్కన నాలుగు లీటర్లు. పెయింటరు ఎనిమిదంటే ఎందుకో అడగండి.

ఇక కాగితాలు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, ప్లాను కాపీ ఒకే ఫైలులో పెట్టండి. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఇంకా తండ్రిగారి పేరుతోనే ఉంటే ముందు మార్పించుకోండి. బోరు, ప్రహరీ, అదనపు గది బిల్లులు పారేయొద్దు. అమ్మాక లాభం లెక్కవేసేటప్పుడు అభివృద్ధి ఖర్చుగా అవి తీసేసుకోవచ్చు. సున్నానికి, చిన్న మరమ్మతులకు ఆ సౌకర్యం లేదు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లైతే లాభం మీద పన్ను ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదల ప్రకారం పెంచి లెక్కించడం) 20 శాతమా, లేకుండా 12.5 శాతమా అన్నది ఆడిటరుతో రెండు విధాలా లెక్క వేయించుకోండి.

అయిపోయింది. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ కాగితం. ముందు వరుస పిల్లలు ఇటు రండి, టార్చి వేయండి. టేపు ఊడదీయకముందే చూడండి. చుక్కలు మనవైపు ఉంటే అది గదిలోని గాలి తేమ, గోడది తప్పు లేదు. గోడవైపు ఉంటే నీళ్లు లోపలి నుంచి వస్తున్నట్టు. ఏ వైపు ఉన్నాయి? గట్టిగా చెప్పండి, వెనక వాళ్లకు వినపడాలి.