1948 నాటి పెన్నీ మీద ఇండియా

శ్రోతలకు నమస్కారం.

స్టూడియోకి వస్తూ జేబులో ఒక కంచు బిళ్ల వేసుకొచ్చాను. మన పాత వెండి రూపాయంత ఉంటుంది. బొమ్మ వైపు ఎడమకు తిరిగిన ఒక మగ మనిషి తల, నెత్తిన కిరీటం లేదు. బొరుసు వైపు శిరస్త్రాణం పెట్టుకుని, చేత్తో త్రిశూలం పట్టుకుని కూర్చున్న బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశానికి ప్రతీకగా గీసే స్త్రీమూర్తి, ఆవిడ వెనక చిన్న దీపస్తంభం. కింద 1948 అని అంకె. ఇది ఇంగ్లండు పెన్నీ. తల ఆరో జార్జిది.

రెండేళ్ల కిందట మా మేనల్లుడు లెస్టర్ నుంచి వస్తూ ఫోన్ చేశాడు. "మామయ్యా, నీకేం తేవాలి? స్వెటరా, చాక్లెట్లా?" అన్నాడు. "ఒరే, 1948 నాటి చిల్లర పట్రా, అన్ని రకాలూ ఒక్కొక్కటి" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. 1948 ఎందుకంటే, ఇప్పటి రాజు మూడో ఛార్లెస్ పుట్టిన ఏడది, నవంబరు 14న. రాజు గారో రాణి గారో పుట్టిన సంవత్సరపు నాణేలను పోగుచేయడం బ్రిటన్‌లో చాలామందికి ఉన్న సరదా. నాకూ అంటుకుంది.

ఈ సరదాలో ఒక తమాషా ఉంది. నాణెం మీద ఉండేది పుట్టిన బిడ్డ కాదు, అప్పటికి గద్దె మీదున్న మనిషి. ఛార్లెస్ పుట్టినేటి నాణెం మీద ఆయన తాత ఆరో జార్జి ఉన్నాడు. ఎలిజబెత్ రాణి 1926లో పుట్టింది, ఆ ఏటి నాణేల మీద ఆమె తాత ఐదో జార్జి. విక్టోరియా 1819లో పుట్టింది, అప్పుడూ తాతే, మూడో జార్జి. పాపం ఆయనకప్పటికే చూపూ పోయింది, మతీ పోయింది. మనవరాలు పుట్టిన మరుసటేడే కన్నుమూశాడు. మనవల పేరు చెప్పి తాతల బొమ్మలు కొనుక్కుంటాం, అంతే.

సరే, మేనల్లుడు తెచ్చాడు. చిన్న అట్టపెట్టెలో తొమ్మిది బిళ్లలు. అన్నిటికన్నా చిన్న విలువది ఫార్దింగు. దాని మీద రెన్ అనే బుల్లి పిట్ట తోక పైకెత్తి నిలబడి ఉంటుంది. మన పిచ్చుక కన్నా చిన్నది. నన్నడిగితే మొత్తం పెట్టెలో అందమైన బొమ్మ అదే, హారల్డ్ విల్సన్ పార్కర్ అనే శిల్పి చెక్కాడు. అర పెన్నీ మీద తెరచాప ఓడ. తర్వాత పెన్నీ. మూడు పెన్నీల బిళ్లకు పన్నెండు పలకలు, ఇత్తడి రంగు. చీకట్లో జేబులో చెయ్యి పెట్టినా వేలికి తెలిసిపోతుంది. ఆరు పెన్నీల బిళ్లను అక్కడివాళ్లు క్రిస్మస్ పుడ్డింగులో వేసి ఉడికించేవాళ్లు, ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు అదృష్టం అని. షిల్లింగులు రెండు రకాలు. ఇంగ్లండు షిల్లింగు మీద సింహం కిరీటం పైన నిలబడి ఉంటుంది, స్కాట్లండు షిల్లింగు మీద కూర్చుని ఉంటుంది. ఆరో జార్జి భార్య, అప్పటి రాణి, స్కాట్లండు ఆడపడుచు కాబట్టి ఆ మర్యాద. ఆ పైన రెండు షిల్లింగుల ఫ్లోరిన్, రెండున్నర షిల్లింగుల హాఫ్ క్రౌన్.

లెక్క వింటే తల తిరుగుతుంది. నాలుగు ఫార్దింగులు ఒక పెన్నీ, పన్నెండు పెన్నీలు షిల్లింగు, ఇరవై షిల్లింగులు పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు. పదహారణాల రూపాయి లెక్క నోటికొచ్చిన మన పెద్దవాళ్లకైతే ఇదేమంత కష్టమనిపించదు. మనం 1957లో దశాంశ పద్ధతికి మారాం, వాళ్లు 1971 దాకా ఈ పన్నెండ్లతో కుస్తీ పట్టారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. భూతద్దం పెట్టి పెన్నీ బొమ్మ వైపు అంచు చుట్టూ చదివితే లాటిన్ అక్షరాలు కనిపిస్తాయి, అన్నీ పొట్టి చేసినవే. దైవకృప వల్ల బ్రిటన్ల రాజు, మతరక్షకుడు అని వరసగా వచ్చి, చివర్లో ఆరు అక్షరాలు: ఐ, ఎన్, డి, చుక్కలు, ఐ, ఎమ్, పి. 'ఇండియే ఇంపరేటర్' అన్నదానికి పొట్టి రూపం. అంటే భారతదేశ చక్రవర్తి.

1948లో! మనకు స్వాతంత్ర్యం వచ్చింది 1947 ఆగస్టు 15న కదా.

ఈ బిరుదు కథ విక్టోరియాతో మొదలు. 1876లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేస్తే, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను మన దేశానికి చక్రవర్తిని అని చాటారు. మన రూపాయి మీద 'క్వీన్' అన్న మాట పోయి 'ఎంప్రెస్' వెంటనే వచ్చేసింది. లండన్ నాణేల మీద మాత్రం ఆ ఆరు అక్షరాలు ఎక్కడానికి 1893 దాకా పట్టింది. ఎక్కడం ఎంత ఆలస్యమో దిగడమూ అంతే. స్వాతంత్ర్య చట్టంలోనే ఈ బిరుదు తీసేయడానికి ఒప్పుకున్నా, రాజు ఆ మేరకు ప్రకటన చేసింది 1948 జూన్ 22న. నాణేల మీద నుంచి అక్షరాలు పోయింది 1949 బిళ్లలతో. ఆరు పెన్నీల బిళ్ల మీద కూడా 1948 దాకా జి, ఆర్, ఐ అని రాజు గారి పొడి అక్షరాలు ఉండేవి, ఆ చివరి ఐ 'ఇంపరేటర్' కోసం. 1949లో అదీ మాయం.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. జూన్‌లో తాత చక్రవర్తి బిరుదు వదులుకున్నాడు. నవంబరులో మనవడు పుట్టాడు. ఆ పిల్లవాడు కళ్లు తెరిచేనాటికి ఆ బిరుదు ఇంట్లో లేదు, కానీ ఆ ఏడు అచ్చయిన చిల్లర మీద మాత్రం ఉంది. అందుకే ఈ తొమ్మిది బిళ్లలు ఛార్లెస్ కోసం కొన్నానని చెప్పుకున్నా, నేను దాచుకున్నది ఆ ఆరు అక్షరాల కోసం.

ఇంకో చిత్రం. 1971లో లెక్క మారినా ఫ్లోరిన్‌ను రద్దు చేయలేదు. కొత్త పది పెన్నీలకూ దానికీ ఒకటే సైజు, ఒకటే విలువ, కాబట్టి చెల్లనిచ్చారు. 1993 జూన్ 30 దాకా చెల్లింది. అంటే 1992లో లండన్‌లో టీ కొట్టువాడు ఇచ్చిన చిల్లరలో భారతదేశ చక్రవర్తి బిళ్ల రావడానికి ఏ అడ్డూ లేదు.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. 1948 నాణేలు అరుదైనవి కావు. పెన్నీలే ఆ ఏడు ఆరు కోట్లకు పైగా కొట్టారు. వాడిన బిళ్ల అక్కడ టీ ఖర్చుకన్నా తక్కువకే దొరుకుతుంది. 'రాయల్ బర్త్ సెట్' అని మఖ్మలు పెట్టెలో పెట్టి పదింతలు చెప్తే, మీరు కొంటున్నది పెట్టెను. 'వెండిది సార్' అంటే అసలే నమ్మకండి. యుద్ధంలో అమెరికా నుంచి అప్పు తెచ్చుకున్న వెండి తిరిగి ఇవ్వాల్సి రావడంతో, 1947 నుంచి బ్రిటన్ మామూలు చిల్లరలో వెండి మానేసింది. మూడు వంతులు రాగి, ఒక వంతు నికెల్, అంతే. ఈస్టరు ముందు రాజు దానమిచ్చే మాండీ నాణేలొక్కటే వెండివి, అవి సంతలో దొరికే సరుకు కాదు.

ఎలిజబెత్ ఏడు, అంటే 1926, కాస్త రుచికరమైన వేట. ఆ ఏటి తెల్ల బిళ్లల లోహంలో సగం వెండి. పెన్నీలు 45 లక్షల దాకానే వచ్చాయి. వాటిల్లోనూ రెండు రకాలు. ఐదో జార్జి తల మరీ ఎత్తుగా ఉండటంతో అచ్చు కొట్టేటప్పుడు దాని నీడ బొరుసు మీద దెయ్యంలా తేలేది. దాన్ని సరిచేస్తూ తలను కొంచెం మార్చారు. మార్చిన తలతో 1926లో వచ్చిన పెన్నీలు బహు కొద్ది. గుర్తుపట్టాలంటే మెడ కోసిన చోట శిల్పి మెకెన్నల్ పొడి అక్షరాలు చూడాలి, బి ఎమ్ అని. మామూలు దాంట్లో అక్షరాల పక్కన చుక్కలుంటాయి, అరుదైనదాంట్లో ఉండవు. ఒక్క చుక్కతో ధర ఎక్కడికో పోతుంది. విక్టోరియా 1819 జోలికి నేను పోలేదు. ఆ ఏడు రాగి నాణేలే లేవు. బంగారు సావరిన్లు నాలుగు వేలు కూడా కొట్టలేదు, అవి నాలాంటివాళ్లు గాజు పలక ఇవతల నుంచి చూడాల్సినవే.

నేను చేసిన తెలివితక్కువ పనొకటి చెప్పాలి. ఇత్తడి చెంబులు చింతపండుతో తోమిన ఇంట్లో పెరిగినవాణ్ణి. పెన్నీ నల్లగా ఉందని, ఓ ఆదివారం చింతపండు పెట్టి రుద్దాను. రెండు నిమిషాల్లో నలుపంతా పోయి, చర్మం ఒలిచినట్టు గులాబీ రంగు తేలింది. ఎంత ముచ్చటపడ్డానో! నాణేలు అమ్మే పెద్దమనిషికి చూపిస్తే ఆయన కళ్లజోడు తీసి, "ఇది ఇప్పుడు చిల్లి కాణీ చెయ్యదండీ" అన్నాడు. ఆ నలుపే దాని వయసట, ఒకసారి పోతే మళ్లీ రాదట. నాణేన్ని తోమకూడదు, అంచులు పట్టుకోవాలి, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే పచ్చగా జిగురెక్కుతుంది కాబట్టి కాగితం కవరు మేలు. ఇవన్నీ ఆ పెన్నీ పోయాక తెలిశాయి. మేనల్లుడికి మళ్లీ ఫోన్ చేసి ఇంకొకటి తెప్పించాను. ఇవాళ జేబులో ఉన్నది అదే.

ఇన్ని నాణేలు చూశాక మా అత్తగారికీ ఉత్సాహం వచ్చింది. ఆవిడది వరంగల్ వైపు. తన ట్రంకు పెట్టె అడుగు నుంచి నిజాం నాణెం ఒకటి తీసిచ్చింది. చార్మినార్ బొమ్మ, దాని ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం. లండన్ రాజు తల ఎక్కడా లేదు. ఆ రాజ్యంలో చెల్లింది హాలీ సిక్కా, బ్రిటిష్ వాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసేనాటికి ఆవిడ చిన్నపిల్ల.

నా పెన్నీని అరచేతిలో తిప్పి చూసి, "గిది కల్దారేనా?" అంది.

"కాదత్తయ్యా, ఇంగ్లండు చిల్లర."

"గిది ఇస్తె అక్కడ ఏమొచ్చేది?"

ఆలోచించి, ఆ రోజుల్లో అక్కడ ఉత్తరం వెయ్యాలంటే రెండున్నర పెన్నీల స్టాంపు కావాలి, ఇదొక్కటే చాలదు అన్నాను. ఆవిడ నా నాణేల పెట్టెలోకి వంగి వెతికింది. చింతపండుతో తోమిన పెన్నీ ఒకటి తీసింది, ఓడ బొమ్మ అర పెన్నీ ఒకటి తీసింది. మూడూ నా చేతిలో పెట్టి, "ఇగో, ఉత్తరం వెయ్యి" అంది.

నమస్కారం.