ఒక పాస్‌పోర్ట్, రెండు పాస్‌పోర్ట్‌లు: హమ్జా చౌదరి దగ్గర మనకేం తెలుస్తుంది?

అందరికీ నమస్కారమండీ. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ ఫుట్‌బాల్. క్రికెట్ అనుకుని వచ్చినవాళ్లు వెళ్లిపోకండి, ఇందులో చట్టం ఉంది, పొట్టకూటి లెక్క ఉంది, తాతలనాటి సంగతులు కూడా ఉన్నాయి.

2025 నవంబర్ 18, ఢాకా. ఆసియా కప్ క్వాలిఫయర్. నిజానికి ఆ మ్యాచ్‌తో తేలేదేమీ లేదు. ఇండియా అప్పటికే పోటీలోంచి బయటికొచ్చేసింది, బంగ్లాదేశ్‌దీ అదే గతి. అయినా స్టేడియం కిటకిటలాడింది. పదకొండో నిమిషం దాటిందో లేదో, షేక్ మోర్సాలిన్ గోల్ కొట్టాడు. 1-0. చివరిదాకా అదే స్కోరు. ఇండియా మీద బంగ్లాదేశ్ గెలవడం 2003 తర్వాత అదే మొదలు.

గోల్ సంగతి అలా ఉంచండి. నేను చెప్పాలనుకున్నది ఇంకో ముక్క. మొదటి సగంలో మన ఛాంగ్తే ముందు గోల్ ఖాళీగా ఉంది. కీపర్ స్థానంలో లేడు. ఛాంగ్తే కొట్టాడు, బంతి లోపలికే పోతోంది. ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో తెలీదు, పెద్ద జుట్టు వేసుకుని ఒకడొచ్చి తలతో బయటికి తోసేశాడు. వాడే బంగ్లాదేశ్ మిడ్‌ఫీల్డర్ హమ్జా చౌదరి.

ఆ రోజు మన వైపు ఇంకో మనిషి ఉన్నాడు, కానీ మైదానంలో లేడు. రయాన్ విలియమ్స్. ఇండియాకి ఆడాలని ఆస్ట్రేలియా పౌరసత్వమే వదిలేసుకున్నాడు. క్యాంప్‌కి పిలిచారు. కానీ దేశం మారడానికి రావలసిన అనుమతి కాగితాలు వేళకి రాలేదు, మ్యాచ్ జాబితాలో పేరు లేదు.

చూశారా తమాషా. రెండు దేశాలు చేతిలో పెట్టుకున్నవాడు ఆడి గెలిచాడు. ఒక దేశం కోసం ఇంకో దేశాన్ని వదులుకున్నవాడు చూస్తూ కూర్చున్నాడు. దీని వెనక ఏముందో అదే ఇవాళ్టి సంగతి.

ముందు హమ్జా. 1997లో ఇంగ్లండ్‌లో లాఫ్‌బరో అనే ఊళ్లో పుట్టాడు. తల్లి బంగ్లాదేశ్ మూలాలావిడ, కన్నతండ్రి కరీబియన్ దీవి గ్రెనడా మనిషి. పెంచింది తల్లీ, సవతి తండ్రీ. ఆయనదీ బంగ్లాదేశే. సిల్హెట్ వైపు హబీగంజ్ జిల్లాలో వాళ్ల ఊరు. చిన్నప్పుడు సెలవులకి అక్కడికి వెళ్లేవాడు, అక్కడి భాష సిల్హెటీ గడగడా మాట్లాడతాడు. ఇంటర్వ్యూలు చూడండి, ఇంగ్లిష్ ఎలా వస్తుందో అదీ అలాగే వస్తుంది.

ఆట నేర్చింది లెస్టర్ సిటీ అకాడమీలో. కుర్రాడిగా బర్టన్ ఆల్బియన్‌కి లోన్ మీద, అంటే సొంత క్లబ్ కొన్నాళ్లు అప్పుగా ఇస్తే, వెళ్లి, 2017లో లెస్టర్ పెద్ద జట్టులోకొచ్చాడు. ఇంగ్లండ్ అండర్-21కి ఆడాడు. మిడ్‌ఫీల్డ్‌లో అడ్డంపడి బంతి లాక్కునే రకం, కొంచెం దూకుడు ఎక్కువ. 2019 అండర్-21 యూరోలో ఫ్రాన్స్ మీద ఒక టాకిల్ చేసి రెడ్ కార్డ్ తిన్నాడు, చూస్తే ఇప్పటికీ నాకు కాలు జలదరిస్తుంది. 2021లో చెల్సీని ఓడించి లెస్టర్ ఎఫ్ఏ కప్ ఎత్తినప్పుడు చివర్లో దిగాడు. తర్వాత వాట్‌ఫర్డ్‌కి లోన్. స్టార్ అంటే స్టార్ కాదు. ఇంగ్లండ్ పెద్ద జట్టు పిలుపు రాలేదు, వచ్చే సూచనలూ లేవు.

అప్పుడు బంగ్లాదేశ్ పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి బంగ్లాదేశ్‌కి మారడానికి 2024 డిసెంబర్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా సరేనంది. 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో మన మీదే మొదటి మ్యాచ్. ఆ మ్యాచ్ 0-0. రిటైరైన మన పాత కెప్టెన్ సునీల్ ఛెత్రిని వెనక్కి పిలిపించుకుని మరీ ఆడినా మనకి గోల్ రాలేదు. జూన్‌లో భూటాన్ మీద హమ్జా మొదటి గోల్. నవంబర్‌లో నేపాల్ మీద గాల్లోకి లేచి వెనక్కి తన్నిన గోల్ చూడనివాళ్లు ఈ వీడియో ఆపి ముందు అది చూసి రండి.

ఇందులో కీలకం ఒక్కటే. ఇదంతా జరుగుతున్నప్పుడు అతని బ్రిటిష్ పాస్‌పోర్ట్ జేబులోనే ఉంది. బంగ్లాదేశ్ చట్టం బ్రిటన్ లాంటి కొన్ని దేశాలతో రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది. డెన్మార్క్‌లో పుట్టిన జమాల్ భుయాన్ 2013 నుంచీ బంగ్లాదేశ్‌కి ఆడుతున్నాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. కెనడాకి ఆడిన షమిత్ షోమ్ కూడా 2025లో బంగ్లాదేశ్‌కే వచ్చాడు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నమ్మకస్తుడు కాడు అంటారు మనవాళ్లు. ఇక్కడ కూర్చుని ఆ మాట నేను అనలేనండీ. మన గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. మా తాతగారు పుట్టింది మద్రాసులో, పోయింది ఒడిశాలో, ఇల్లు మాత్రం కదల్లేదు. పొద్దున్న ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి బరంపురంలో పని చేసుకుని రాత్రికి ఆంధ్రాలో భోంచేసేవాళ్లు ఎంతమంది లేరు? బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ఒడిశా గెలిచినా విజిల్ వేస్తాం, ఆంధ్రా గెలిచినా వేస్తాం. అందులో దొంగతనం ఏముంది?

సరే, చట్టం దగ్గరికి వద్దాం. మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ఒకటే మాట చెప్తాయి: ఇంకో దేశపు పౌరసత్వం కోరి తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. తర్వాత విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు వచ్చింది. అది ఉంటే వీసా గోల లేదు, ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ ఓటు లేదు, పౌరసత్వం అంతకన్నా కాదు. 2008లో క్రీడల శాఖ ఇంకో గీత గీసింది. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలి, అంతే.

అప్పటినుంచీ టీవీలో ప్రతి ఓటమి తర్వాతా ఒకటే పాట, ఓసీఐ వాళ్లని ఆడించండి, ఓసీఐ వాళ్లని ఆడించండి. మన జట్టు కోచ్‌గా ఉన్నప్పుడు ఇగోర్ స్టిమాచ్ కూడా ఇదే అడిగాడు. ఆవేశం బాగానే ఉంది కానీ ఒక మెలిక మర్చిపోతున్నారు. ఫిఫా అడిగేది జాతీయత. కార్డు కాదు. రేపు క్రీడల శాఖ మనసు మార్చుకుని 2008 ఉత్తర్వు చించేసినా, ఓసీఐ కార్డు చూపిస్తే ఫిఫా ఒప్పుకోదు. మారాల్సింది పౌరసత్వ చట్టం. అది ఫుట్‌బాల్ సంఘం చేతిలో పని కాదు, పార్లమెంటు పని. పదకొండు మంది ఆటగాళ్ల కోసం ఏ ప్రభుత్వమూ ఆ తేనెతుట్టె కదపదని నా నమ్మకం.

ఇక పొట్టకూటి లెక్క. దేశభక్తి ఉపన్యాసాలిచ్చేవాళ్లు దీన్ని దాటేస్తారు.

ఇంగ్లండ్‌లోనో స్కాట్లండ్‌లోనో ఆడుతున్న భారత సంతతి కుర్రాడు ఒకడు ఉన్నాడనుకోండి. వయసు 24. ఇండియాకి ఆడాలని మనసు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ వదిలేశాడు. మర్నాడు అక్కడ అతను విదేశీయుడు. అక్కడి క్లబ్బులో విదేశీయుడు ఆడాలంటే పాయింట్ల లెక్కన పర్మిట్ తెచ్చుకోవాలి. ఆ లెక్కలో దేశం ఫిఫా ర్యాంకు పెద్ద పాత్ర. మొదటి 50 దేశాల జట్లలో ఆడేవాళ్లకి దారి సులువు. 2025 చివర్లో మనం 140 దరిదాపుల్లో ఉన్నాం. అంటే ఇండియా జెర్సీ వేసుకున్నందుకు శిక్షగా ఉన్న ఉద్యోగమే ఊడే పరిస్థితి. ఏ తల్లిదండ్రులు ఒప్పుకుంటారండీ?

మైకేల్ చోప్రా కథ అదే. న్యూకాజిల్‌లో పుట్టాడు, తండ్రి భారతీయ మూలాలాయన. న్యూకాజిల్, సండర్లాండ్, కార్డిఫ్‌లకి ఆడి ప్రీమియర్ లీగ్‌లో గోల్స్ కొట్టినవాడు. ఇండియాకి ఆడాలని ఆశపడ్డాడు, పాస్‌పోర్ట్ దగ్గర ఆగిపోయాడు. చివరికి ఇండియా వచ్చాడు, కానీ మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో కేరళ బ్లాస్టర్స్‌కి విదేశీ ఆటగాడిగా. ఇంగ్లండ్‌లోనే పుట్టిన భారత సంతతి ఆటగాడు యాన్ ధండాకీ అదే ఆశ, అదే అడ్డంకి.

మరి వదులుకుని వచ్చినవాళ్లు ఎవరు? అరాతా ఇజుమి. జపాన్‌లో షిమొనోసెకిలో 1982లో పుట్టాడు. తండ్రి గుజరాతీ, తల్లి జపనీస్. 2006లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు, తర్వాత మహీంద్రా యునైటెడ్, ఆపైన పుణె ఎఫ్‌సీ. జపాన్ పౌరసత్వం వదిలి, భారత పాస్‌పోర్ట్ మీద నీలకంఠ్ ఖంభోల్జా అయ్యి, 2013 ఫిబ్రవరిలో పాలస్తీనా మీద మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి వయసు 30. ఆటలో ఎక్కువ భాగం అయిపోయింది.

రయాన్ విలియమ్స్‌కి అప్పటికి 32. పెర్త్‌లో పుట్టాడు, తల్లి ముంబైలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. ఆవిడ తండ్రి లింకన్ గ్రోస్టేట్ 1950లలో రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో బొంబాయికి ఆడినాయన. రయాన్ ఫుల్హామ్, పోర్ట్స్‌మత్, రాథరామ్ అన్నీ తిరిగి 2023లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చాడు. 2019లో ఆస్ట్రేలియాకి ఒకే ఒక్క మ్యాచ్, దక్షిణ కొరియా మీద, అదీ ఫ్రెండ్లీ, అంటే ఏ పోటీకీ చెందని మ్యాచ్.

ఇద్దరిలో పోలిక గమనించారా? ఇద్దరి ఉద్యోగమూ అప్పటికే ఇండియాలోనే ఉంది. కాబట్టి పాస్‌పోర్ట్ మారితే జీతం పోదు. పైగా ఐఎస్ఎల్‌లో మైదానంలో విదేశీయులు నలుగురికి మించకూడదు. విలియమ్స్ భారతీయుడైతే ఆ నాలుగింట్లో ఒక చోటు బెంగళూరుకి ఖాళీ అవుతుంది. అతని ప్రేమని నేను శంకించడం లేదు. తాత ఆడిన దేశానికి ఆడాలన్న కోరిక నిజమే అయ్యుంటుంది. కానీ నియమం ఎలా ఉందంటే, ఆ ప్రేమ చూపించే వీలు ముప్పై దాటి, ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాడికే దొరుకుతోంది. ఇరవైల్లో ఉన్నవాణ్ని గుమ్మం బయటే నిలబెడుతోంది. నా ఫిర్యాదు అదొక్కటే.

ఇంకో చేదు నిజం. విలియమ్స్ పాస్‌పోర్ట్ వార్త వచ్చిన నవంబర్‌లో ఐఎస్ఎల్ కొత్త సీజన్ మొదలే కాలేదు. లీగ్ వ్యాపార హక్కుల కోసం భారత ఫుట్‌బాల్ సంఘం టెండర్ పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. పౌరసత్వం వదులుకుని వచ్చినాయనకి మనం ఇచ్చిన స్వాగతం అదీ.

అయితే హమ్జాలు వస్తే అంతా బాగుపడిపోతుందా? పడదు. అంతమందిని తెచ్చుకుని కూడా బంగ్లాదేశ్ ఆసియా కప్‌కి పోలేదు, ఆ గ్రూపులోంచి సింగపూర్ పోయింది. ఢాకాలో సింగపూర్ చేతిలో, హాంకాంగ్ చేతిలో హమ్జా ఉండగానే ఓడారు. ఒక మిడ్‌ఫీల్డర్ పదకొండు మంది కాలేడు. కాకపోతే స్టేడియాలు నిండాయి. పిల్లకాయలు ఆ జుట్టు పెంచుకుని తిరుగుతున్నారు.

మన తెలుగువాళ్ల సంగతి ఒక్కటి చెప్పకపోతే ఉండలేను. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూలి పనికి ఓడలెక్కి మారిషస్ పోయినవాళ్లు వేలమంది. మన గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్ పోయినవాళ్లు ఇంకెందరో, మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి. ఆ మారిషస్ తెలుగు మూలాల కుటుంబంలోంచి వచ్చినవాడే వికాస్ ధొరాసూ. 1973లో ఫ్రాన్స్‌లో పుట్టి లియాన్, మిలాన్, పారిస్ సెయింట్ జర్మెయిన్‌లకి ఆడాడు. 2006 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ జట్టులో జిదాన్ పక్కన ఉన్నాడు, రెండు మ్యాచ్‌లలో చివర్లో దిగాడు. అతని విషయంలో మనం పిలవడమూ లేదు, అతను రావడమూ లేదు, తరాలు దాటిపోయాయి. ఫిఫా నియమం తల్లిదండ్రులు, తాత, అమ్మమ్మ, నాయనమ్మల పుట్టుక దగ్గర ఆగిపోతుంది. ముత్తాత పుట్టిన ఊరు చెల్లదు.

చివరగా, లండన్‌లోనో డాలస్‌లోనో మనవళ్లు ఫుట్‌బాల్ అకాడమీలకి పోతున్నారని గర్వంగా చెప్పుకునే పెద్దలు ఈ ఊళ్లోనూ ఉన్నారు. ఏ దేశానికి ఆడతాడో ఇప్పుడే తేల్చమని ఆ పిల్లల్ని వేధించకండి. పెద్ద జట్టుకి ఆడిన ఫ్రెండ్లీతో ఎవరూ ఒక దేశానికి కట్టుబడిపోరు. 21 నిండకముందు జూనియర్ జట్టుకి ఆడినా తర్వాత మారే దారి ఉంది. 2020లో మార్చిన నియమం ప్రకారం, 21 లోపు పెద్ద జట్టుకి అసలు పోటీల్లో మూడు మ్యాచ్‌ల దాకా ఆడినా, వరల్డ్ కప్ లాంటి ఆఖరి టోర్నీలో దిగకుండా ఉంటే, మూడేళ్లాగి మారొచ్చు. దానికీ షరతులున్నాయి, ఆ రెండో దేశపు పౌరసత్వం ఎప్పుడొచ్చిందన్నదీ చూస్తారు. ఆ లెక్క వేసేటప్పుడు ఇండియా అంటే మాత్రం బ్రిటిష్, అమెరికన్ పాస్‌పోర్ట్ చేతిలోంచి పోతుందని ముందే చెప్పండి. అమ్మమ్మ పుట్టిన కాగితం దొరికితే అది కూడా జాగ్రత్తగా దాచండి. 1936కి ముందుదైతే దాని మీద మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంటుంది, కంగారు పడకండి. ఫిఫాకి రాష్ట్రంతో పని లేదు.