నిమ్మ చెట్టుకు నీళ్లు ఎప్పుడు ఆపాలి?

నమస్కారం. తిరుపతిలో ఇంటి ముందు జానెడు నేల ఉన్నా, మేడ మీద డ్రమ్ము పెట్టుకునే చోటున్నా, చాలామంది మొదట నాటాలనుకునేది నిమ్మ మొక్కనే. అది వాడిపోతే ఎండ తగిలిందనీ ఎరువు చాలలేదనీ అనుకుంటారు. నేను చూసినంతలో మన ఊళ్లో ఇంటి నిమ్మలు ఎక్కువగా చెడేది నీళ్లు ఎక్కువై.

నిమ్మ వేళ్లకు తడితోపాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేళ్లకు గాలి అందదు, శిలీంధ్రం చేరి వేరు కుళ్లుతుంది, కాండం మొదట్లో బెరడు పగిలి బంక కారుతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి ఆకులు దాహం వేసినట్టే వేలాడతాయి; అది చూసి మనం మరో బిందె పోస్తాం. అందుకే ఆకును చూసి నీళ్లు పోయకూడదు. పాదులో వేలిని రెండు అంగుళాల లోతుకు దింపి, అక్కడ మట్టి పొడిగా తగిలితేనే పోయాలి.

పాదు చేయడంలోనూ ఒక పద్ధతి ఉంది. కాండం చుట్టూ మట్టిని ఎగదోసి చిన్న దిబ్బలా చేసి, దానికి అవతల, కొమ్మల నీడ పడే అంచున, గుండ్రంగా రెండో కట్ట వేయాలి. ఈ రెండింటి మధ్య పోసిన నీరు వేళ్లకు అందుతుంది గాని మొదలును తాకదు. మన చీనీ తోటల రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఇళ్లలోనే ఎవరూ పట్టించుకోరు. అంటు మొక్క అయితే అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి.

విత్తనం మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. చెట్టు మీదే కొమ్మకు వేళ్లు రప్పించి తీసిన గాలి అంటు త్వరగా కాస్తుంది గాని, దాని వేళ్లు అంత లోతుకు దిగవు కాబట్టి మేడ మీద గాలికి ఊగకుండా కర్ర కట్టాలి. రకాల్లో బాలాజీ గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. తిరుపతిలోనే నిమ్మజాతి పంటల పరిశోధన స్థానం ఉంది కనుక, మొక్క కోసం ముందుగా అక్కడ విచారించడం మేలు.

ఈ గజ్జి కూడా నీటితో వచ్చేదే. ఆకు మీద, కాయ మీద గరుకైన గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ పసుపు వలయం కనిపిస్తే అది గజ్జి అని గుర్తించాలి. వాన చినుకులు దాన్ని ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు చేరవేస్తాయి. లేత ఆకుల్లో వెండి గీతలు గీసే పురుగు చేసిన గాయాలు దానికి దారి చూపుతాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి కాబట్టి, వాటికి ముందే ఎండు కొమ్మలనూ మచ్చలున్న కొమ్మలనూ కత్తిరించి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లాలి.

నీళ్లు ఆపడం చెట్టును కాపాడడానికే కాదు, పూతకు కూడా పనికొస్తుంది. చెట్టును కొన్నాళ్లు ఆకులు కాస్త వాడేదాకా ఎండబెట్టి, తర్వాత పశువుల ఎరువు వేసి తడిపితే పూత విరగబూస్తుంది. పూత నుంచి కాయ కోతకు సుమారు ఐదారు నెలలు పడుతుంది కనుక, నిమ్మకాయ ధర మండిపోయే ఏప్రిల్, మే నెలల్లో కాయ కావాలంటే అక్టోబరు, నవంబరుల్లో పూత రావాలి. అప్పుడేమో మనకు వానలు. నేలలోని చెట్టును ఎండబెట్టడం కష్టం. డ్రమ్ములోని చెట్టునైతే వాన పడకుండా, పక్క నుంచి ఎండ తగిలేలా సన్‌షేడ్ కిందికి జరిపితే సరిపోతుంది, ఈ ఒక్క విషయంలో మేడ తోటదే పైచేయి. అయితే ఎండిన చెట్టుకు ఒక్కసారిగా నీళ్లు ముంచెత్తితే పూత, పిందె రాలిపోతాయి, కాబట్టి మొదటి తడి పలుచగా ఇచ్చి, తర్వాతి తడులను మెల్లగా పెంచాలి.